అతుకు మీది మసక

పోయిన వారం చుక్కమ్మను రక్తం కడిగే గదిలో, కూతురి మంచం పక్కన, నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడినదాన్ని నిలబడినట్టే వదిలేసి వచ్చాం. పాపం, వారం నుంచీ ఆ చెయ్యి అక్కడే ఉంది.

ఆవిడ పని చేసేది ఆసుపత్రి గొట్టాలు చేసే ఫ్యాక్టరీలో. ఒక్కసారి వాడి పారేసే గొట్టాలు. రోగి ఒంట్లోంచి రక్తాన్ని మిషనులోకి తీసుకెళ్ళేదీ అవే, కడిగిన రక్తాన్ని మళ్ళీ ఒంట్లోకి తెచ్చేదీ అవే. గొట్టం చివరను ప్లాస్టిక్ మూతిలోకి దూర్చేచోట ఒక్క చుక్క జిగురు పెట్టాలి. అలాంటిలాంటి జిగురు కాదు, రెప్ప వేసేలోపు పట్టేసే రకం. ఆ చుక్క పెట్టే పనిలో ఆవిడంత నిలకడైన చెయ్యి ఆ హాల్లో ఇంకొకరికి లేదు. అందుకే చుక్కమ్మ అయింది. అసలు పేరు పెట్టి పిలిస్తే ఇప్పుడు ఆవిడే పలకదు.

ఒక్కగానొక్క కూతురు గువ్వ. పిల్లకు రెండు కిడ్నీలూ పాడైపోయాయి. వారంలో సగం రోజులు ఆసుపత్రిలోనే. ఫ్యాక్టరీ వాళ్ళు ఇచ్చిన కార్డు మీద వైద్యం నడుస్తోంది గాని లేకపోతే ఆ పిల్ల ఏమైపోయేదో తలుచుకోవడానికే భయం. ఆ రోజు మిషను చూసే ఆయన కొత్త ప్యాకెట్టు చింపి, గొట్టాలు కొక్కేనికి తగిలించాడు. చుక్కమ్మ కన్ను అలవాటుకొద్దీ అతుకు మీద పడింది. అతుకు చుట్టూ తెల్లటి మసక. చలి పొద్దున కిటికీ అద్దం మీద ఊదితే పట్టినట్టు.

అలా మసక పట్టిన గొట్టాలను ఏ బల్ల దగ్గరైనా ఎర్ర ట్రేలోనే పడేస్తారు. ఎర్ర ట్రేలోవి చెత్తకుప్పలోకి పోవాలి. గువ్వ మంచం దగ్గరికి ఎలా వచ్చాయి?

"ఆపండి!" అంది చుక్కమ్మ.

మిషనాయన సూది పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆపాడు. నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. ఆ గదిలో అందరూ ఆయన్ని మిషనాయన అనే అంటారు.

"ఏమైందమ్మా? ఇంకా పొడవలేదు, అప్పుడే కేకలు మీవా?"

"ఆ గొట్టం వద్దండీ. వేరేది పెట్టండి."

"ఎందుకు, ఇది బాగోలేదా?"

గువ్వ మంచం మీద నుంచి తల తిప్పింది. "సార్, మీరేం అనుకోకండి. మా అమ్మ బస్సెక్కితే టైర్లలో గాలుందా అని డ్రైవర్ని అడిగి గాని కూర్చోదు. మొన్న లిఫ్టులో తాడు ఎప్పుడు మార్చారని అడిగింది."

"అడిగితే తప్పేంటి?" అంది చుక్కమ్మ, కళ్ళు అతుకు మీద నుంచి తియ్యకుండానే. "తెగాక అడగాలా?"

పక్క మంచాల వాళ్ళు నవ్వారు. చుక్కమ్మ నవ్వలేదు. అతుకు మీద వేలు పెట్టి చూపించింది. "చూడండి, తెల్లగా. ఇలాంటివి మేం పక్కన పడేస్తాం. ఇది బయటికి రాకూడదు. ఎలా వచ్చిందో నాకు తెలియదు. దండం పెడతాను, దీన్ని నా బిడ్డకు తగిలించకండి."

మిషనాయన వంగి అతుకును దగ్గరగా చూశాడు. "నీళ్ళు పంపి చూశానమ్మా, ఎక్కడా కారలేదు." కాసేపు ఆలోచించాడు. "అయినా మీరు అవి చేసే మనిషి. మీకు అనుమానం అయితే నాకెందుకు పట్టుదల? మార్చేద్దాం."

మూల ఉన్న అట్టపెట్టెలోంచి ఇంకో ప్యాకెట్టు తీశాడు. చుక్కమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. చింపాడు, గొట్టాలు విప్పాడు, మొదటి అతుకు ఆవిడ కళ్ళ ముందు పెట్టాడు.

"ఇదిగో. దీనికైతే అతుకు మీద తొడుగు కూడా వేశారు. మీ కంపెనీకి ఈ మధ్య మంచి బుద్ధులు పుట్టినట్టున్నాయి."

అతుకు మీద నీలం రంగు తొడుగు, ఉంగరంలా బిగుతుగా కూర్చుని ఉంది. చుక్కమ్మ వేలితో తడిమి చూసింది. నున్నగా ఉంది. తన బల్ల దగ్గర ఇలాంటివి ఎప్పుడూ వెయ్యలేదు, పక్క హాల్లో కొత్తగా మొదలుపెట్టారేమో. జిగురుకు తోడు తొడుగు కూడా అంటే అంత మంచిదే కదా. గుండె మీద నుంచి ఎవరో రాయి దించినట్టయింది. మసక లేదు, తెలుపు లేదు. చాలు.

"ఇది పెట్టండి బాబూ. మీకు పుణ్యం ఉంటుంది."

"ఆ తీసేసింది నాకివ్వండి" అని కూడా అడిగింది. మిషనాయన కత్తెర తీసి ఆ అతుకు ఉన్న ముక్క మటుకు కత్తిరించి, కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు. "మీ వాళ్ళకు చూపించండి. నేనూ మా పెద్దడాక్టరుగారి చెవిన వేస్తాను, ఆయన సాయంత్రం వస్తారు."

సూది పడేటప్పుడు చుక్కమ్మ గోడ వైపు తిరిగింది. ఎన్నిసార్లు చూసినా ఆ తల్లికి అలవాటు కాలేదు, కాదు కూడా. మళ్ళీ ఇటు తిరిగేసరికి గొట్టాలు రెండూ ఎర్రబడి ఉన్నాయి. మిషను తిరుగుతోంది. ఆ గదిలో ఏసీ మరీ చల్లన. గువ్వ మెడ దాకా దుప్పటి లాక్కుని, సూది ఉన్న చేతిని కూడా లోపలికే పెట్టుకుంది.

"వెళ్ళమ్మా, వెళ్ళి టీ తాగిరా. నువ్విలా చూస్తూ నిలబడితే బీపీ నాకు కాదు, మిషనుకొస్తుంది."

"ఏమైనా అనిపిస్తే ఫోను చెయ్యి."

"ఏమీ అనిపించకపోయినా చేస్తాను. వెళ్ళు."

* * *

వరండా చివర కిటికీ దగ్గర చుక్కమ్మ కాగితం విప్పింది. అక్కడ వెలుతురు బాగా పడుతోంది. ముక్కను అటూ ఇటూ తిప్పింది. మసకలో ఏదో ఉంది. ఇంకొంచెం వంచి, వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకుంది.

వేలిముద్ర.

మసక అంతా ఒకేలా లేదు. అతుకు మీద, మూతి అంచు దగ్గర, బొటనవేలి గీతలు తెల్లగా, ఒక్కొక్కటీ సున్నంతో గీసినట్టు తేలి ఉన్నాయి. ఆ గీతల మధ్య ఒక చోట అడ్డంగా, ఏటవాలుగా ఒక ఖాళీ చార. దువ్వెనతో తీసిన పాపిడిలా.

చుక్కమ్మ కిటికీ చువ్వ పట్టుకుంది.

ఆ పాపిడి ఆవిడకు తెలుసు. ప్యాకెట్ల మూతులు అతికించే మిషనులో పడి ఆ బొటనవేలు తెగినప్పుడు, రక్తం ఆగక తన ఏప్రానుతోనే చుట్టి, ఇదే ఆసుపత్రికి పరిగెత్తించింది తను. కుట్లు వేస్తుంటే చెయ్యి పట్టుకుని కూర్చున్నదీ తనే.

తోడబుట్టిన చెల్లెలి వేలది.

చెల్లెలు అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ గదిలో చేస్తుంది. ఉద్యోగం ఇప్పించింది అక్కే. గువ్వకు జబ్బు చేసినప్పటి నుంచి ఇల్లు సర్దేది, టిఫిను క్యారియరు తెచ్చేది, పిల్ల తల దువ్వేది అన్నీ ఆ పిన్నే. ఇంకెవరి వేలైనా అయుంటే చుక్కమ్మకు కోపం వచ్చేది. ఇప్పుడు కోపం రాలేదు. ముక్కను మళ్ళీ కాగితంలో చుట్టి సంచిలో వేసుకుంది.

ఆసుపత్రి వెనక వీధిలో లాండ్రీ కొట్టు పైన చెల్లెలి గది. పెద్ద దూరం లేదు. చుక్కమ్మ ఎలా నడిచిందో ఆవిడకే తెలియదు. రోడ్డు దాటేటప్పుడు ఒక స్కూటరువాడు తిట్టాడు, అదీ వినిపించలేదు. మనసు మాత్రం గొట్టం వెంట వెనక్కి, గువ్వ మంచం దాకా పోయి, నీలం తొడుగును తాకి, మళ్ళీ వచ్చేది. 'దానికి మసక లేదు. నేను చూశాను. లేదు.' ఇలా అనుకుంటూనే మెట్లెక్కింది.

* * *

చెల్లెలు మధ్యాహ్నం షిఫ్టుకు ఏప్రాను ఇస్త్రీ చేసుకుంటోంది. తలుపు తీసే ఉంది.

"అక్కా! రా, రా. ఏంటా మొహం? గువ్వ..." ఇస్త్రీపెట్టె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. "గువ్వకేం కాలేదుగా?"

"గువ్వ మిషను మీద ఉంది. బాగానే ఉంది. నీ కుడి చెయ్యి చూపించు."

"ఏం, జోస్యం చెప్తావా? చెప్పు చెప్పు, ఈ ఏడైనా నాకు ప్రమోషను వస్తుందేమో." నవ్వుతూ చెయ్యి చాపింది. అక్క నవ్వకపోయేసరికి ఆ నవ్వు సగంలోనే నిలిచిపోయింది.

చుక్కమ్మ కాగితం విప్పి, ముక్కను ఇస్త్రీ బల్ల మీద పెట్టింది. చెల్లెలి బొటనవేలు పట్టుకుని దాని పక్కన ఆనించింది.

"ఇది నీదేనా?"

చెల్లెలు వంగి చూసింది. చాలాసేపు చూసింది. ఇస్త్రీపెట్టె ఏప్రాను మీదే ఉండిపోయింది. కాలుతున్న వాసన వచ్చాక గాని ఇద్దరికీ తెలియలేదు. చుక్కమ్మే దాన్ని ఎత్తి పక్కన పెట్టింది. తెల్లటి ఏప్రాను మీద గోధుమరంగు మచ్చ, అచ్చం ఇస్త్రీపెట్టె ఆకారంలో.

"ఎక్కడిదిది?" అంది చెల్లెలు.

"నువ్వే చెప్పాలి. ఎర్ర ట్రేలో పడేసినదాన్ని ఏరి ప్యాకెట్టులో పెట్టింది నువ్వు. అది ఎక్కడ తేలిందో తెలుసా? మన గువ్వ మంచం పక్కన కొక్కేనికి! నేను చూశాను కాబట్టి సరిపోయింది. టీకి వెళ్ళి ఉంటే?"

"పెట్టేశారా?"

"పెట్టనిస్తానా? మార్పించాను. మాట మార్చకు. ఎందుకు చేశావ్?"

చెల్లెలు కుర్చీలో కూలబడింది. "కళ్ళజోడు సారు చెప్పాడు."

కళ్ళజోడు సారంటే ఆ హాలు సూపర్‌వైజరు. "ఏమని?"

"మసక పడితే అందం పోయినట్టు గాని పట్టు పోయినట్టు కాదన్నాడు. లాగి చూపించాడు కూడా. ఊడలేదక్కా, నిజం. లోడు వెళ్ళాలి, పెట్టెలు నిండలేదు, తుడిచి పెట్టెయ్యమన్నాడు. నువ్వు కూడా అంటావుగా, ఒక్కోసారి జిగురు మంచిదే అయినా ఊరికే తెల్లబడుతుందని."

అది అబద్ధం కాదు. గాలి ఆడకపోయినా, చుక్క ఒక పిసరు పెద్దదైనా మసక పడుతుంది. అలాంటి అతుకును నలుగురు లాగినా రాదు. చుక్కమ్మ ఒక్క క్షణం మెత్తబడింది కూడా. బహుశా అంతేనేమో. తను ఊరికే కంగారు పడిందేమో. గువ్వ చెప్పినట్టు టైర్లలో గాలి గురించి...

"తుడిచే పెట్టాను అక్కా" అంటోంది చెల్లెలు. "ఒట్టు. చేతి తొడుగులుంటే గుడ్డ జారిపోతోందని అవి తీసేసి, వట్టి చేత్తో ఒక్కొక్కటీ రుద్ది రుద్ది తుడిచాను. అద్దంలా మెరిసేలా చేసి గాని కవర్లో పెట్టలేదు. ఒక్కదాని మీద కూడా తెలుపు లేదు."

"ఏమన్నావ్?"

"ఒక్కదాని మీద కూడా తెలుపు లేదని..."

ఇద్దరూ బల్ల మీదున్న ముక్క వైపు చూశారు.

తుడిచినప్పుడు తెలుపు లేదు. కవరు మూతి అతికించాక, లోపల, ఎవరి చెయ్యీ పడకుండా తెల్లబడింది.

వాళ్ళ హాల్లో అన్నం తినే వేళ ఒక ఆట ఉంది. పనికిరాని మూత మీద వేలు గట్టిగా నొక్కి, పక్కన తడి జిగురు చుక్క ఒకటి పెట్టి, పైన గ్లాసు బోర్లించాలి. తినడం అయ్యేసరికి మూత మీద వేలిగీతలు తెల్లగా తేలి ఉంటాయి. జిగురు ఆవిరి పోయి వేలి చెమట మీద పేరుకుంటుంది. ఎవరి ముద్ర అందంగా వచ్చిందో చూసుకుని నవ్వుకునేవాళ్ళు. చెల్లెలి పాపిడి ముద్రదే ఎప్పుడూ గెలుపు. ఒకసారి ఎవరో మోసం చేద్దామని ఎండిపోయిన చుక్క పెట్టారు. ఎంతసేపు చూసినా ఏమీ తేలలేదు. ఎండిన జిగురుకు ఆవిరి ఉండదు.

"అయితే అక్కా," చెల్లెలి గొంతు సన్నగా వచ్చింది, "అది లోపల..."

"పచ్చిగానే ఉంది" అంది చుక్కమ్మ. "పైపైన పొర కట్టింది. లోపల పట్టలేదు. నువ్వు లాగినా, కళ్ళజోడు లాగినా పొర ఆపింది. దాన్ని క్రిములు చంపే గ్యాసు గదిలో వేడిలో పెడితే ఆవిరి వదిలింది. రేపు వెచ్చటి రక్తం ఆగకుండా తోస్తూ ఉంటే ఆ పొర ఎంతసేపు ఆపుతుందే? ఆ?"

చెల్లెలు తన బొటనవేలిని పిడికిట్లో దాచుకుంది.

"నోరు తెరువు! ఎన్ని మంచాలున్నాయే ఆ గదిలో! గువ్వ పక్కన ముసలాయన రోజూ నాకు బిస్కెట్టు ఇస్తాడు. ఆ చివర మంచం పిల్లకు కడుపు. వాళ్ళకు గొట్టం చూసే అమ్మ ఉందా?" "నీకు తెలియదు. కడుపున ఒకళ్ళు పుట్టి ఉంటే తెలిసేది."

అనకూడని మాట. నోట్లోంచి వచ్చేశాక గాని అక్కకు తెలియలేదు.

చెల్లెలి మొహంలో రంగు మారింది. లేచి నిలబడింది. ఏడుస్తుందనుకుంది చుక్కమ్మ. ఏడవలేదు.

"నాకు పుట్టలేదు. నిజమే. అందుకే నీ పిల్ల కోసం చేశాను."

"నా పిల్ల కోసమా!"

"ఆ ఎర్ర ట్రే ఎవరి బల్లదో అడగవేం?"

"ఎవరిదైతే ఏంటి?"

"నీదక్కా. మొత్తం నీ బల్లదే. గువ్వ బాత్రూంలో పడిపోయిందని ఫోనొచ్చిన పొద్దున. గుర్తు తెచ్చుకో. సీసా ఫ్రిజ్‌లోంచి తీశావు. దాని ఒంటి మీద చెమట ఆరేదాకా విప్పకూడదని అందరికీ నేర్పింది నువ్వే. చల్లగా ఉండగా విప్పితే తేమ లోపలికి పోయి జిగురు చెడిపోతుందని కొత్తగా వచ్చినవాళ్ళ వేళ్ళ మీద కొట్టి మరీ చెప్తావు. ఆ రోజు ఏం చేశావ్? ఏప్రాను అంచుతో సీసా తుడిచి విప్పేశావ్. నేను ఖాళీ కవర్లు తీసుకెళ్దామని వచ్చి చూశాను. చేతులు వణికిపోతున్నాయి నీకు. ఇంత పని ముగించి పిల్ల దగ్గరికి పరిగెత్తాలని."

చుక్కమ్మ గోడకు ఆనుకుంది. ఏప్రాను అంచు. తడి. చల్లటి సీసా. అవును, తుడిచింది. తుడిస్తే ఆరినట్టే కనిపించింది. చూడ్డానికి అంతా సరిగ్గానే ఉంది. పని చేస్తూ చేస్తూ అతుకులు తెల్లబడుతుంటే ఈ రోజు గాలి బాగోలేదు అనుకుని ఎర్ర ట్రేలోకి వేస్తూ పోయింది. ఎందుకు తెల్లబడుతున్నాయని ఒక్కసారైనా ఆలోచించలేదు. ఆలోచించేది ఎక్కడ? మనసంతా ఆసుపత్రిలో ఉంటే.

"ట్రే నిండిపోయింది" అంది చెల్లెలు, ఇప్పుడు నెమ్మదిగా. "నువ్వెళ్ళిపోయాక కళ్ళజోడు వచ్చి చూశాడు. కిందటేడు మూల బల్లామెను ఎలా పంపించేశారో నీకూ తెలుసు. ఇంత పాడుచేసిన మనిషిని ఉంచుకోనన్నాడు. నువ్వు పోతే కార్డు పోతుంది. కార్డు పోతే గువ్వకు మిషను ఉండదు. నేను కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. అప్పుడన్నాడు, సరే, మసక కనబడకుండా చేసి పెట్టెలు నింపు, మీ అక్క మాట ఎవరి దగ్గరా ఎత్తను అని. నేను నింపాను. నువ్వు చెమట తుడిచావు, నేను మసక తుడిచాను. తిట్టు, ఇంకా తిట్టు."

కింద లాండ్రీలో మిషను ఏదో బట్టల్ని దభీ దభీమని కొడుతోంది.

చుక్కమ్మ చెల్లెలి దగ్గరికి వెళ్ళి ఆ బొటనవేలు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఈసారి పక్కన ఆనించడానికి కాదు. ఊరికే పట్టుకుంది.

"పద" అంది చివరికి.

"ఎక్కడికి?"

"ఆసుపత్రికి. పెద్దడాక్టరు సాయంత్రం గాని రాడట. అందాకా ఆగకూడదు. ఉన్నది ఉన్నట్టు మిషనాయనకే చెప్తాను. సీసా సంగతి కూడా."

"చెప్తే ఉద్యోగం పోతుంది అక్కా. గువ్వ కార్డు..."

"తెలుసు." ఆ మాట అనేటప్పుడు చుక్కమ్మ మొహం చూడలేకపోయింది చెల్లెలు. "కార్డు పోతే ఎవరి కాళ్ళైనా పట్టుకుంటాను. ఆ ముసలాయనకేమన్నా అయితే ఎవరి కాళ్ళు పట్టుకోను? నడువు. పెద్ద పనేం కాదులే, పెట్టెలు విప్పి తెల్లగా ఉన్నవి ఏరి పక్కన పడేస్తే సరి. ఇద్దరం కూర్చుంటే చిటికెలో అయిపోతుంది. మన కళ్ళకు తెలియకపోవడమేంటి."

చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని గుమ్మం దాటబోయింది. వెనక అడుగుల చప్పుడు లేదు. తిరిగి చూసింది. చెల్లెలు కాలిన ఏప్రాను రెండు చేతులతో నలుపుతూ అక్కడే నిలబడి ఉంది.

"రావేం?"

"తెల్లగా ఉన్నవి ఏరితే సరిపోదక్కా."

"అంటే?"

"అవి నా చేత్తో తుడిస్తే మసక పోయినవి. అంటే తక్కువ పాడైనవి." చెల్లెలు పెదాలు తడుపుకుంది. "బాగా పాడైనవి తుడిచినా పోలేదు. పాలు ఒలికినట్టు తెల్లగా, ఎంత రుద్దినా అలాగే ఉన్నాయి. వాటిని ఏం చెయ్యమంటారని అడిగితే కళ్ళజోడు స్టోరులోంచి పాత మోడలుకు వాడే సరుకు ఏదో తెచ్చిచ్చాడు. అతుకు కనబడకుండా పైన ఎక్కించమన్నాడు."

"ఏం ఎక్కించమన్నాడు?"

అడిగేసింది గాని జవాబు అక్కర్లేదు. వేలి కొసకు ఆ నున్నదనం ఇంకా తెలుస్తోంది. ఉంగరంలా బిగుతుగా. 'ఇది పెట్టండి బాబూ, మీకు పుణ్యం ఉంటుంది.'

"తొడుగులు" అంది చెల్లెలు. "నీలంవి."

చుక్కమ్మ సంచిలో ఫోను మోగింది.

చెల్లెలే సంచి లాక్కుని ఫోను తీసి అక్క చెవికి ఆనించింది.

"అమ్మా." గువ్వ గొంతు నిద్ర నుంచి లేచినట్టు ముద్దగా ఉంది. "టీ తాగావా?"

"గువ్వా! నాన్నా, విను, మిషనాయన్ని పిలువు. ఇప్పుడే పిలువు!"

"ఆయన లేడమ్మా, పక్క గదిలో ఎవరికో బాగోలేదంటే వెళ్ళాడు. నువ్వొచ్చేటప్పుడు ఇంకో దుప్పటి అడిగి తీసుకురావా? ఇది తడిసిపోయింది." చిన్నగా నవ్వు. "మిషను నీళ్ళేమో. భయపడకు, చల్లగా లేదులే. వెచ్చగానే ఉంది. ముందు చలేసింది, ఇప్పుడు హాయిగా ఉంది. నిద్రొస్తోంది."

"దుప్పటి తియ్యి! దుప్పటి తీసి చెయ్యి చూడు గువ్వా! కేకెయ్యి, పక్కనున్న తాతయ్యను లేపు! గువ్వా!"

అటు నుంచి మాట లేదు. మిషను తిరుగుతున్న చప్పుడు మాత్రం ఏమీ జరగనట్టే, నెమ్మదిగా, ఆగకుండా వినిపిస్తోంది.